వెల: హాలీ రూపాయి పావలా

దేవరకొండ బస్టాండు వెనక జిరాక్సు దుకాణంలో
వాజిద్ పుస్తకం తిరగేసి తిరగేసి
మళ్లీ నా చేతికే ఇచ్చాడు.
"నలభై కాపీలంటే భయమైతది టీచర్.
ఇగో, కింద ఏందో రాసి ఉన్నది సూడు."

ముందు అట్ట లేదు. మొదటి నాలుగు పుటలు లేవు.
మిగిలిన పుట అడుగున, చీమలబారంత అక్షరాల్లో
సర్వ హక్కులు గ్రంథకర్త్రివి.

ఏ గ్రంథకర్త్రి?
ఆమె పేరున్న కాగితంలో ఎవరో ఎన్నడో
పల్లీలు పొట్లం కట్టి ఉంటారు.

కుట్టుపని నేర్పి బతికేదాన్ని.
జాకెట్టు చూసి తొడుక్కున్నామె వయసు చెబుతాను.
పుస్తకానికి టేపు ఎక్కడ పెట్టాలి?
మెడ దగ్గరా, చంక దగ్గరా?

వెనకట్ట మీద దారపుండల ప్రకటన,
నవ్వని ఆడమనిషి,
పిన్‌కోడు లేని సికింద్రాబాదు.
లోపల "దారమును దువ్వి, ముడివైచి, పిమ్మట" అనే తెలుగు.
గొలుసుకుట్టు, కాడకుట్టు, చేపముల్లు,
దిండు గలీబుకు రెండు చిలకలు.
పదకొండో పుటలో ఎవరో మరిచిన సూది
మూడు కాగితాల లోతుకు తుప్పు దింపింది.
తుప్పు మీద తేదీ ఉండదు.

నోటరీ కాశయ్య భూతద్దం పెట్టి
మూలన చెరిగిన వెల చదివాడు.
"హాలీ ఒకటీ పావలా!
సిక్కా చెల్లిన కాలందమ్మా ఇది.
ఆ రూకలు పోయి అరవై ఏండ్లు ఎన్నడో దాటినై.
రాసినామె పేరు తెల్వకుంటే
అచ్చయిన మరుసటేడు నుంచి అరవై.
తెలిస్తే, ఆమె సచ్చిన మరుసటేడు నుంచి.
తెల్వకుంటేనే నీకు మంచిది."

ఆయన గుమాస్తా నవ్వాడు.
నేనూ నవ్వబోయాను.
ఒక ఆడమనిషి పేరు దొరకొద్దని,
దొరికినా ఆమె తొందరగా పోయి ఉండాలని
ఆ వారమంతా కోరుకుంటూ కాజాలు కుట్టాను.

ఇరవై మూడో పుట: చేతిరుమాలు మూలలకు అక్షరాలు.
అ, క, మ, ర, వ, అన్నీ ఒంటరివే.
చివరిది మాత్రం నిండు పేరు.
అండాళు.
చుట్టూ ముడికుట్టు చుక్కలు.

దొరికిందనుకున్నాను. గుండె దడదడలాడింది.

మల్లేపల్లి దాకా ఆటోలో పోయాను.
తొంభై దాటిన శేషుబాయికి చూపు లేదు.
పుస్తకం వాసన చూసింది,
తుప్పు మచ్చను బొటనవేలితో తడిమింది.
"నల్లగొండ బడిల మాకు కుట్లు నేర్పిన టీచరమ్మ రాసిందే.
పది మందిమి కొన్నం.
అండాళా? ఆమె కాదు బిడ్డా, ఆమె బిడ్డ.
మోతీజరా వచ్చి ఏడేండ్లకే పాయె.
ఆ ఏడే ఈ బుక్కు."

టీచరమ్మ పేరేంటి పెద్దమ్మా?

కప్పు వైపు తలెత్తి చాలాసేపు ఉంది.
మంచం కింద కోడిపిల్లలు తిరుగుతున్నాయి.
"టీచరమ్మా అనే పిలిచినం గదా."

అంతే, లెక్క తేలింది.
పేరు లేదు, అరవై దాటింది.
ఇక అందరిదీ: నాది, వాజిద్‌ది,
మాల్ బస్సు కోసం నిలబడ్డ ఎవరిదైనా.

హక్కుల వరస చెరపకుండా తీయమన్నాను.
మిషను వెలుతురు
చిలకల మీదుగా, తుప్పు మీదుగా పోయింది.
ఇరవై రెండు పక్క పుట రాగానే
తెల్లకాగితం తెచ్చి దాని మీద పరిచాను.
"గిదొద్దా? దీనికి గూడ పర్మిషన్ ఉన్నదంటివి?"
ఉంది.
"మరి?"
పైసలు లెక్కపెట్టి ఇచ్చాను.

సోమవారం క్లాసులో కేతావత్ సరోజ
కాగితం ఎత్తి వెలుగులో చూసింది.
"ఇరవై రెండు పక్కన తెల్లగున్నదేంది టీచర్?"

అచ్చు పడలేదన్నాను,
సూదిలో దారం ఎక్కించే నెపంతో
కిటికీ వైపు తిరుగుతూ.